గాజుపెట్టెలో పగిడె

క్రీస్తుదాసు గాజుపెట్టెను మళ్లీ తుడిచాడు. తుడిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి దాని మీదే చేతులానించి ఫొటో దిగిపోతున్నారు. యూనివర్సిటీ గ్రంథాలయంలో అరుదైన వస్తువుల గదికి ఆయన అటెండరు. జుట్టు నెరిసింది, ప్యాంటు మోకాళ్ల దగ్గర అరిగింది, ఉద్యోగం మాత్రం ఇంకా కాంట్రాక్టే. వచ్చే నెల పర్మినెంటు చేస్తామన్నారు. కారేపల్లిలో భార్య సవరమ్మ ఆ సంగతి అప్పుడే చర్చిలో సాక్ష్యం కూడా చెప్పేసింది.

పెట్టెలో ఉన్నది పగిడె. ఇలవేల్పు బొమ్మలు కుట్టిన ముక్కోణపు పాత గుడ్డ. ఒక్క పూట ప్రదర్శనకని బతిమాలితే, చర్ల వైపు అడవి పల్లె నుంచి బొజ్జయ్య అనే కోయ పెద్ద నిన్న తెచ్చాడు. ముఖ్య అతిథి రాలేదు. అయ్యవారొచ్చేదాకా అమావాస్య ఆగదంటారు గానీ ఈ యూనివర్సిటీలో ఆగుతుంది. ప్రదర్శన ఈ రోజుకు పొడిగించారు. సాయంత్రమైంది, అతిథి ఇంకా దారిలోనే ఉన్నాడు.

గోడవార కూర్చున్న బొజ్జయ్య పెదాలు ఎండి పగిలాయి. క్రీస్తుదాసు తన క్యారేజీ విప్పి ముందు పెట్టాడు.

“తిను పెద్దయ్యా. నిన్నటి సంది ఏం తినలే.”

“వేల్పు ఇల్లు దాటితే, మళ్ల చేరేదాక నేను ముద్ద ముట్ట. మా ఇంటి పద్ధతి బిడ్డా.”

“గిట్లయితే పానం పోతది!”

“పోతే పోతది.”

క్రీస్తుదాసుకు ఒళ్లు మండింది. తనూ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఉండేవాడే. కానీ దానికి సాయంత్రమంటూ ఒకటుంటుంది. విసవిసా లైబ్రేరియన్ శాంతికుమార్ గదికి వెళ్లాడు.

“సార్, పగిడె ఇల్లు చేరేదాక పెద్దాయన తినడంట. ఇచ్చి పంపుదాం సార్.”

“సమోసాలు మిగిలినయ్ గదా, పెట్టు,” అన్నాడు సారు ఫోన్‌లోంచి తలెత్తకుండా. “అతిథి రేపు పక్కా వస్తరు. అప్పటిదాక పెట్టె ముట్టకు. నీ ఫైలు నా టేబుల్ మీదనే ఉంది, యాదుంచుకో.”

అందరూ వెళ్లిపోయాక క్రీస్తుదాసు పెట్టె తాళం తీశాడు. భయమేసింది. సవరమ్మ మొహం కళ్ల ముందు మెదిలింది. అయినా తీశాడు.

“తీస్కపో పెద్దయ్యా. ఆఖరి బస్సుంది, జల్దీ నడువు.”

బొజ్జయ్య పగిడెను చుట్టి గుండెలకు హత్తుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. “పెట్టె ఉత్తగుంటే నీకు మాటొస్తది,” అంటూ తలకు చుట్టిన తువ్వాలు విప్పి, ముక్కోణంగా మడిచి, లోపల పరిచి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం అతిథి నిజంగానే వచ్చాడు. పెట్టె ముందు చెప్పులు విడిచి, దండం పెట్టి, ఫొటో దిగి, భోజనానికి వెళ్లాడు. ఆ ఫొటోలు చూసుకుంటూ ఉండగా శాంతికుమార్‌కు అసలు సంగతి తెలిసింది. కాంట్రాక్టు మనిషికి నోటీసు అక్కర్లేదు. తాళాలు తీసుకుని, రేపట్నుంచి రావద్దన్నాడు.

“పెద్దాయన ఇల్లు చేరిండంట సార్. ఫోన్ చేసిండ్రు. అన్నం తిన్నడంట,” అన్నాడు క్రీస్తుదాసు. క్యారేజీ తీసుకుని మెట్లు దిగాడు.

గదిలో లైటు ఎవరూ ఆర్పలేదు. గాజు కింద చెమట మరకల తువ్వాలు, మూడు మూలలూ సరిగ్గా లాగి పరిచినట్టే ఉంది.