కంబళి మూల

మంద చుట్టూ కట్టిన వల ముడులు విప్పుతోంది ఈరక్క. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బాయి. ఒకప్పుడు చిటికెలో ఊడే ముడి ఇప్పుడు పళ్లతో లాగితే గానీ రావడం లేదు. పెనుకొండ కొండ మీద మంచు ఇంకా లేవలేదు. గొర్రెలూ, వాటి ఊపిరి ఆవిరీ, నడుమ నల్లకుక్క కరియా, అంతా కలలో కదులుతున్నట్టుంది.

"పొద్దెక్కుతాండాదక్కా. బెంగుళూరు బస్సు నీకోసం నిలబడదు," అన్నాడు తమ్ముడు తిరుపాల్. ఈ రోజు నుంచి మంద అతనిదే.

"నీ మాట వినే గొర్రె ఒకటన్నా ఉండాదేమోనని చూస్తాండా."

కొత్తచెరువు నుంచి ధర్మవరం దాకా ఎరువు కోసం ఆమె మంద పడుకోని చేను లేదు. ఆమె పేరు మాత్రం ఏ చేను రైతుకూ గుర్తు లేదు.

జబ్బు సంగతి కూతురు తనూజ విడమరిచి చెప్పింది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే దారి తప్పి సొంత కీళ్లను కరుస్తున్నాయట. బెంగుళూరు డాక్టర్లు నెత్తురు తీసి, అందులో కొన్ని కణాలకు ఈ కీళ్లు మనవేనని నేర్పి, మిగతావాటిని సముదాయించడానికి మళ్లీ ఒంట్లోకి వదులుతారట. ఇంకా ప్రయోగమే. కుదరకపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. నెల రోజులుగా ససేమిరా అన్న ఈరక్క అది విని నవ్వింది.

"కరియకు మనం చేసిందే కదా పాపా."

కరియ మామూలు కుక్క కాదు. మడకశిరలో తోడేలు ఆవులిస్తే ఇక్కడ చెవులు నిక్కిస్తుంది. అది మొరిగితే కోట గోడ ఒకసారి రెండడుగులు వెనక్కి జరిగిందట, కొలిచినవాళ్లు లేరు గానీ. అంతటిది మూడేళ్ల కిందట సొంత మందలోని గొర్రెపిల్లనే పట్టింది. అందరూ చంపెయ్యమన్నారు. ఈరక్క దాన్ని ఈనిన గొర్రెల నడుమ కట్టేసి, పిల్లల ఒంటికి రుద్దిన కంబళి పక్కలో పరిచి, తొమ్మిది రోజులు తన చేత్తో సంగటి పెట్టింది. పదో రోజు ఓ పిల్ల దాని పొట్ట మీద తలపెట్టి నిద్రపోయింది.

ఇప్పుడామెకు ఒకటే దిగులు. ఆ కణాలు వారాల తరబడి పరాయి ఊళ్లో, సీసాలో పెరుగుతాయట. ఎవరి ఒంటివో మరిచిపోతే? కొడవలితో తన కంబళి మూల కోసి కొంగున ముడేసుకుంది.

"దీన్ని సీసా పక్కన పెట్టమంటా."

"డాక్టరమ్మ నవ్వుతాదక్కా."

"నవ్వనీ. కరియప్పుడు నువ్వూ నవ్వితివి."

పోయేముందు రెండురోజుల గొర్రెపిల్లను ఎత్తుకోబోయింది. వేళ్లు ముడుచుకోలేదు. పిల్ల జారి కాళ్ల దగ్గర నిలబడింది. వచ్చాక ఎత్తుకుంటానన్నట్టు దాని నుదురు మోచేత్తో నిమిరి, రోడ్డు వైపు నడిచింది.

బస్సు ఆమెను ఎక్కించుకుని మంచులో కరిగిపోయింది. కరియ రోడ్డు దాకా పోయి, గాలి వాసన చూసి, తిరిగొచ్చింది. వల కట్టిన గూటానికి వేలాడుతున్న ఆమె కంబళిని పళ్లతో కిందికి లాగి దాని మీద పడుకుంది. కాసేపటికి ఆ పిల్ల కూడా వచ్చి, మూల తెగిన చోటే మూతి ఆనించింది. కోసిన అంచు నుంచి ఊడిన ఒక్క నల్లపోగు దాని ఊపిరికి కదులుతూనే ఉంది.