టేపుకి అవతలి కొస

చెక్కలు కోసే కంప్యూటరు మిషను మా షాపులోకి వచ్చిన దగ్గర్నుంచీ మా ఆయనకీ నా తమ్ముడికీ ఉప్పూ నిప్పూగా ఉంది. మిషను బిగించింది తమ్ముడు. వంకర కోస్తోందని రోజూ అరిచేది ఆయన. మధ్యలో నేను. ఆడదాన్ని గనక ఇద్దరికీ టీ ఇచ్చి ఊరుకుంటాననుకున్నారేమో, నేనూ ఇద్దరి మీదా అరిచేదాన్ని.

అసలు మా ఆయన మిషను పెట్టించుకునే మనిషే కాదు. ఈ చుట్టుపక్కల తలుపులు చేయడంలో ఆయన్ని మించిన మేస్త్రీ లేడు. పొగిడితే ముఖం చిట్లించుకునేవారు గానీ, పొగడకపోతే ఆ రోజంతా నాతో మాట్లాడేవారు కాదు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం చిత్రిక పడుతూ పడుతూ ఎడమవైపు ఒరిగిపోయారు. చిన్న పక్షవాతం అన్నారు. కాలు త్వరగానే దారికొచ్చింది. మాట కొంచెం ముద్దగా ఉండి తర్వాత బాగుపడింది, ఆ మాత్రం ముద్దగా ఉన్నప్పుడే ఇంట్లో ప్రశాంతంగా ఉండేదని తమ్ముడు ఏడిపించేవాడు కూడా. ఎడమ చెయ్యి మాత్రం దారికి రాలేదు. వచ్చేదుంటే మొదటి నెలల్లోనే వస్తుందని, ఆ తర్వాత ఆశ పెట్టుకోవద్దని వ్యాయామం చేయించే డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. ఆయనతో ఏం చెప్పిందో గానీ, ఆయన మాత్రం ఎవరడిగినా ఒకటే జవాబు.

"వచ్చేసింది. ఎనభై శాతం వచ్చేసింది."

ఆ మిగతా ఇరవై శాతం కోసం ఈ మిషను. ఉలి పట్టలేకపోయినా పని వదలక్కర్లేదని తమ్ముడి ఆలోచన. చూడటానికి పెద్ద బల్ల, దాని మీద అడ్డంగా వంతెనలాంటి దూలం. ఆ దూలాన్ని మిషనువాళ్ళు గాంట్రీ అంటారు. దానికి రెండు కాళ్ళు, ఒక్కో కాలికి ఒక్కో మోటారు. దూలం బల్ల మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంటే దానికి బిగించిన కట్టరు చెక్కని కోస్తుంది. రెండు కాళ్ళూ సమానంగా నడవాలి. ఒక కాలు వెంట్రుకవాసి ముందుంటే దూలం ఏటవాలుగా నిలబడుతుంది, అప్పుడిక అది కోసే ప్రతి పలకా పక్కకి వాలిపోతుంది. కుడి కాలి దగ్గర ఒక చిన్న స్క్రూ ఉంది. దాన్ని తిప్పి దూలాన్ని మూలమట్టానికి తేవాలి.

వచ్చిందో లేదో తెలుసుకోవడం వడ్రంగులకి కొత్త కాదు. మిషను చేత ఒక ప్లైవుడ్ షీటు నాలుగు మూలల్లో నాలుగు చిన్న కంతలు వేయిస్తాం. ఈ మూల నుంచి ఎదుటి మూలకి ఒకసారి, ఆ మూల నుంచి దాని ఎదుటి మూలకి ఒకసారి టేపుతో కొలుస్తాం. రెండు కొలతలూ ఒకటైతే అంతా సవ్యం. తలుపు చట్రాలకి మా ఆయన ఇన్నేళ్ళూ చేసింది అదే. టేపు చివరి కొక్కెం అరిగిపోయిందని పది సెంటీమీటర్ల గీత దగ్గర పట్టుకుని కొలుస్తాం. అయినా దాన్ని సున్నా అనే అంటాం. సున్నా పట్టుకునేది నేను. లాగి కొలత చదివేది ఆయన. పెళ్ళైన కొత్తలో నాకు ఆయన నేర్పిన మొదటి పని అదే. "వేలు కదిపావంటే ఇల్లు కూలుతుంది" అనేవారు, సరసంగా అనే అనుకునేదాన్ని.

పళ్ళ డాక్టరు క్లినిక్కుకి అల్మరాలు ఒప్పుకున్నాం. మిషను మీద మొదటి పని. ఆయన పొద్దున్నే కొలుస్తారు, తేడా చూస్తారు, స్క్రూ తిప్పుతారు, మళ్ళీ కొలుస్తారు, సమానం అంటారు. అప్పుడు పలకలు కోస్తే, బిగించేసరికి తలుపు కింద సందు, పైన రాపిడి. రెండు అల్మరాలు విప్పి పక్కన పడేశాం. పళ్ళ డాక్టరు వచ్చి వేలితో సందు చూపించి, "దీంట్లో నా వేలు పడుతోంది, మేస్త్రీగారూ" అని మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకి మా ఆయన ముఖం మాడిపోయింది.

ఆ సాయంత్రం తమ్ముడిని పిలిపించి నా ఎదుటే చెప్పారు.

"చూడు. ఈ దూలం మూలమట్టానికి వస్తే పనిలో ఉంటాను. రాకపోతే తాళాలు నీకిచ్చి ఇంట్లో కూర్చుంటాను. తిండి పెడితే తింటాను, లేకపోతే లేదు."

"ఏంటి బావా, ఒక్క స్క్రూకి సన్యాసమా?" అన్నాడు తమ్ముడు.

నాకు నవ్వు రాలేదు. ఆయన ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో నాకు తెలుసు. పడిపోయిన కొత్తలో చూశాను. గోడ వైపు తిరిగి, పిలిస్తే ఒకసారికి పలక్కుండా, ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చునేవారు. ఆ మనిషి మళ్ళీ ఇంట్లోకి వస్తే నేను బతకలేను. ఉన్నమాటే చెబుతున్నాను.

మర్నాడు ఆయన వ్యాయామానికి వెళ్ళినప్పుడు తమ్ముడు వచ్చి స్క్రూ సరిచేశాడు. నేను సున్నా పట్టుకున్నాను, వాడు లాగాడు. రెండు కొలతలూ మిల్లీమీటరు గీతకి గీత కలిశాయి. రెండోసారి చూసినా అంతే.

"బంగారంలా ఉంది అక్కా. ఇక బావని దీని దగ్గరికి రానివ్వకు" అని వాడు తను పనిచేసే ఫ్యాక్టరీకి పోయాడు.

ఆయన వచ్చారు. తమ్ముడు సరిచేశాడనగానే చొక్కా కూడా మార్చుకోకుండా టేపు తీసుకున్నారు. మొదటి కొలత కుడి చేత్తో లాగారు, ఏ గొడవా లేకుండా అయింది. రెండోదానికి ఆయన గోడ మూలకి వెళ్ళారు. గది ఇరుకు కావడంతో బల్లని మూలకి తోసి పెట్టాం. అక్కడ నిలబడితే కుడి భుజం గోడకి నొక్కుకుపోతుంది. ఎడమ చేత్తోనే లాగాలి.

"రెండు గీతలు ఎక్కువ" అన్నారు. "నీ తమ్ముడు ఏం సరిచేశాడు, వాడి తలకాయ!"

అప్పుడు నా బొటనవేలికి తెలిసింది. మొదటి కొలతప్పుడు టేపు నా వేలి కింద వీణ తీగలా బిగుసుకుంది. ఈ కొలతప్పుడు ఊరికే పడుకుని ఉంది. లాగిన మనిషి అవతల లేనట్టే ఉంది. టేపు బిగుతుగా లేకపోతే మధ్యలో కొంచెం వంగుతుంది, కొలత ఎక్కువ చూపిస్తుంది. ఈ సంగతి నాకు నేర్పింది కూడా ఆయనే.

తమ్ముడు బిగించినప్పుడు దూలం ఏ వంకరా లేకుండానే ఉంది. ఆయన చెయ్యి లాగలేక చూపించిన తేడాకి దాన్ని రోజూ వంకర తిప్పుతున్నారు.

ఆయన స్పానరు కోసం చూస్తున్నారు. చెప్తే ఆ చెయ్యి ఇక లేదని చెప్పినట్టు. చెప్పకపోతే మరో అల్మరా మూలన పడుతుంది, తాళాలు తమ్ముడి చేతికి పోతాయి. ఎటు చూసినా ఆయన గోడ వైపు తిరిగి కూర్చోవడమే.

"వేలు జరిగిందండీ, మళ్ళీ లాగండి" అన్నాను.

ఈసారి గీతని కంత మీద పెట్టలేదు. రెండు గీతలు ఆయన వైపుకి జరిపి పట్టుకున్నాను. ఆయన వంగి చదివారు. ముఖం విప్పారింది.

"సమానం! అందుకే చెప్పేది, వేలు కదపకూడదని."

"తప్పయింది లెండి" అన్నాను.

ఆ రోజు కోసిన పలకలు చక్కగా అతుక్కున్నాయి. అల్మరా తలుపు వేలితో తోస్తే చప్పుడు లేకుండా మూసుకుంది. ఆయన దాన్ని తెరిచీ మూసీ, తెరిచీ మూసీ, చివరికి నన్ను పిలిచి నా చేత మూయించారు. ఇంటికెళ్ళేటప్పుడు ఏదో పాత పాట కూనిరాగం తీశారు. ఇంత చిన్న మోసానికి ఇంత సుఖం దొరుకుతుందంటే ఎవరైనా ఇదే చేస్తారు.

కానీ అది ఒక్క రోజుతో పోలేదు. పొద్దున్నే కొలవనిదే ఆయన మిషను ముట్టరు. ప్రతి పొద్దునా నేను సున్నాని జరిపి పట్టుకోవాలి. నా వైపు నుంచి లాగి బిగిద్దామంటే, టేపు కదిలిందని ఆయన ఒంటికాలి మీద లేస్తారు. వేలికి ఎంత వదులు తెలిస్తే అంత జరపడం నేర్చుకున్నాను. మొదట్లో రెండు గీతలు సరిపోయేవి. తర్వాత మూడు కావలసి వచ్చింది. పళ్ళ డాక్టరు అల్మరాలు అయ్యేసరికి నాలుగు దాటింది.

డాక్టరమ్మ రబ్బరు బంతి నొక్కించి "ఫరవాలేదు, ఫరవాలేదు" అంటోంది. ఆయన తొంభై శాతం అంటున్నారు. తమ్ముడు మిషను కుదిరిందని సంబరపడుతున్నాడు. ఆ చెయ్యి రోజురోజుకీ ఎంత పోతోందో ఈ లోకంలో తెలిసింది నా బొటనవేలికి ఒక్కదానికే. ఎవరితో చెప్పుకోను?

అల్మరాలు అప్పగించిన మర్నాడు ఆయన హుషారుగా టేపు తీసుకుంటూ అన్నారు:

"ఇదిగో, ఇవాళ ఇది చూసేసి ఆ రంపం మీద గుడ్డ తియ్యి. టేకు ద్వారబంధం ఒప్పుకున్నాను."

రంపమంటే మా పాత మోటారు రంపం. ఆయన పడిపోయిన రోజు నుంచీ దాని మీద గుడ్డ కప్పే ఉంది. దాని మీద కొయ్య తోసేది కుడి చెయ్యి. పళ్ళచక్రం పక్కనే కొయ్యని అదిమిపట్టాల్సింది ఎడమ చెయ్యి.

"మిషను ఉందిగా? దాని మీదే కొయ్యొచ్చుగా?"

"ఎన్నాళ్ళు దాని చాటున దాక్కోమంటావు? చెయ్యి వచ్చేసింది. నువ్వే చూస్తున్నావుగా, రోజూ గీతకి గీత కలుస్తోంది."

ఆయన అప్పటికే గోడ మూలకి చేరి ఎడమ చేత్తో టేపు అందుకున్నారు. నేను పది గీతని కంత మీద పెట్టాను. కంత మీదే ఉంచాను.

ఆయన చదివారు. మళ్ళీ వంగి చదివారు.

"అయిదు గీతలు! నిన్న బాగుందిగా. ఆ స్పానరు ఇలా అందుకో."

"స్క్రూ ముట్టుకోకండి" అన్నాను. "దూలం సరిగ్గానే ఉంది."

"ఏం మాట్లాడుతున్నావు? కొలత నా కళ్ళ ముందు కనబడుతుంటే?"

"టేపు బిగుతుగా లేదండీ."

ఆయన టేపు వైపు చూశారు. బల్ల మధ్యలో అది కొంచెం పక్కకి వంగి పడుకుని ఉంది. దాని వెంటే చూపు నడిపించి తన చేతి దాకా వచ్చి ఆగారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"రోజూ కలిసిందిగా" అన్నారు చివరికి.

"నేను జరిపి పట్టుకున్నాను."

"ఎంత జరిపావు?"

"మొదట రెండు."

ఆ తర్వాత ఎంత అని ఆయన అడగలేదు. మెల్లగా గోడ మూల నుంచి బయటికొచ్చి, బల్ల చుట్టూ తిరిగి నా పక్కన నిలబడ్డారు.

"నువ్వు అటు పో. నువ్వే లాగి చదువు. సున్నా నేను పట్టుకుంటాను. అంతమాత్రం పనికి ఈ చెయ్యి చాలుతుందిలే."

కుడి చెయ్యి జేబులో పెట్టుకుని, ఎడమ బొటనవేలిని గీత మీద ఆనించి, కంత మీదకి తెచ్చి నొక్కారు. గోరు తెల్లబడటం కనిపించింది. కళ్ళు మూసుకుని పెదవి కొరికిపట్టుకున్నారు. నేను గోడ మూలకి వెళ్ళి టేపు అందుకున్నాను. గట్టిగా లాగడానికి భయమేసింది. చంటిపిల్ల చేతిలోంచి ఏదైనా తీసుకునేటప్పుడు లాగినంత మెల్లగా లాగాను.

టేపు ఆయన వేలి కింద నుంచి జారి నా వైపు వచ్చేసింది. ఆయన వేలు ఇంకా కంత మీదే నొక్కి ఉంది.

"చదువు, ఎంత వచ్చింది?" అన్నారు, కళ్ళు తెరవకుండా.