ఇరవై ఏడో కట్ట

విచారణాధికారి ఆ పేజీని పైకి చదువుతుంటే సమావేశపు గదిలో అందరూ తలలు దించుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నవాడిని నేనొక్కడినే.

స్లాబు డిజైను మీద పదిహేను మార్కుల ప్రశ్న. జవాబు మొదటి పేజీ సవ్యంగానే ఉంది. రెండో పేజీలో, కుట్టు మిషను సూదిలోకి దారం ఎక్కించే ముందు గుడ్డని నొక్కే పాదం పైకెత్తాలనీ, దారం కొస తడి చేసుకోవాలనీ, తొందరపడితే దారం చిక్కు పడుతుందనీ ఓపిగ్గా రాసి ఉంది. చివర రెండు వాక్యాలు: ‘ఇది చదివినవారు దయచేసి నాకు సున్నా వెయ్యండి. ఎవరో ఒకరు చదివారని సంతోషిస్తాను.’

దాని పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు. మార్కులు పదమూడు.

రాసిన అమ్మాయి మూల కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. నెల క్రితం తన జవాబు పత్రం ఫోటోకాపీ తీసుకుని మొదట నా దగ్గరికే వచ్చింది. మా విభాగంలో పరీక్షల పని చూసేది నేనే. మళ్లీ దిద్దించి, ఓ మాట చెప్పి పంపేస్తే సరిపోయేది. కానీ పై మూలన కట్ట నంబరు కనపడింది. ఇరవై ఏడు. ఏ కట్ట ఎవరు దిద్దారో ఉండే రిజిస్టరు తీసి చూశాను. ఆ నంబరుకు ఎదురుగా మా తోడల్లుడి సంతకం.

అమ్మాయి చేత ఫిర్యాదు రాయించాను. తెలిసిన విలేకరికి ఒక కాపీ అందేలా చూశాను. వార్త పడింది, విచారణ వచ్చింది.

మా తోడల్లుడంటే మా ఆవిడ అక్క భర్త. పన్నెండేళ్లుగా ఒకే కాలేజీ, ఒకే వరండా. ఆయన గది ముందు పిల్లలు బారులు తీరతారు. నా గదిలో ఫ్యాను తిరుగుతుంది. మధ్యాహ్నానికల్లా నేను అరవై పేపర్లు దిద్దేస్తాను. ఆయనకు పాతిక దిద్దేసరికి పొద్దు వాలుతుంది. పిల్లలు ఆయనకు నత్త అనీ నాకు ఎక్స్‌ప్రెస్ అనీ పేర్లు పెట్టారు. అలా పేరు పెట్టి మరీ నత్త వెనకాలే తిరుగుతారు. ఇంట్లోనూ అంతే. భోజనాల దగ్గర అత్తగారు ముందు ఆయనకే వడ్డిస్తుంది. ‘మా బావగారైతేనా’ అనే మాట మా ఆవిడ నోట రోజుకు నాలుగుసార్లు వస్తుంది. ఊరికే అనడం లేదు, లెక్కపెట్టాను.

ఈ నెలాఖరుకు ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ అవుతుంది. పరిశీలనలో ఉన్నవి రెండే పేర్లు, ఆయనదీ నాదీ.

చదువులు ఈ స్థితికి రావడానికి బాధ్యులెవరని విచారణాధికారి అడిగింది. ప్రిన్సిపాల్ తప్పు బడులదన్నాడు, పునాదే లేని పిల్లల్ని పంపుతున్నారట. మా విభాగాధిపతి భర్తీ కాని ఉద్యోగాల మీదికి తోశాడు. పరీక్షల అధికారి పది రోజుల్లో ఫలితాలు కావాలన్న పైవాళ్ల తొందరను తప్పుపట్టాడు. తల్లిదండ్రులకు కావలసింది చదువు కాదు, సర్టిఫికెట్టు అని ఇంకెవరో గొణిగారు. ఆవిడ అన్నీ రాసుకుని కళ్లద్దాలు తీసింది.

“జాబితా బాగుంది. కానీ ఈ టిక్కు పెట్టిన చెయ్యి ఎవరిదో ఇందులో లేదు.”

నేను గొంతు సవరించుకున్నాను. రిజిస్టరు తెరిస్తే తెలిసిపోతుందని వినయంగా మనవి చేశాను.

తెరిచారు. అందరి కళ్లూ మా తోడల్లుడి వైపు తిరిగాయి. పన్నెండేళ్ల కడుపుమంట మీద ఎవరో చల్లటి నీళ్లు చల్లినట్టయింది నాకు.

ఆవిడ అంతటితో ఆగితే బాగుండేది. కట్ట మొత్తం తెప్పించింది. యాభై పేపర్లు. ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది. ప్రతి పేజీ అంచునా ఆయన చేతిరాత. ‘ఈ మెట్టు ఎందుకు వదిలేశావు?’ ‘బొమ్మ బాగుంది, కొలతలేవీ?’ ఇరవై రెండు పేపర్ల దాకా అలాగే సాగింది. ఇరవై మూడు నుంచి రాత లేదు. ఒట్టి టిక్కులు. తోక గాల్లోకి ఎగిరే పొడుగు టిక్కులు.

నా టిక్కులు.

ఈ కట్ట దిద్దుతున్న రోజు మధ్యాహ్నం మూడింటికి ఆయనకు ఫోను వచ్చింది, అత్తగారు మెట్ల మీద జారిపడిందని. ఆయన హడావిడిగా లేచి, సాయంత్రంలోగా కట్ట ఇచ్చెయ్యాలి, మిగిలినవి కాస్త చూడు తమ్ముడూ అన్నాడు. మిగిలినవి ఇరవై ఎనిమిది. రెండు కప్పుల టీ అయ్యేలోపు ముగించాను. ఆసుపత్రికెళ్లి, మీకు ఒక రోజు పని నాకు అరగంట అని ఆయన మీద జోకు కూడా వేశాను. ఆ తర్వాత మరిచేపోయాను. ఈ అమ్మాయి పేపరు ముప్ఫై ఒకటోది.

“ఇవీ మీరు దిద్దినవేనా?” అని ఆవిడ అడిగింది.

ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. నలుగురిలో దొరికిపోయిన తమ్ముణ్ణి అన్న చూసినట్టు చూసి, తల తిప్పుకున్నాడు.

“కట్ట ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు మేడం. సంతకం నాది. నా పేరే రాసుకోండి.”

ఆవిడ పెన్ను అందుకుంది. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడమే. కుర్చీ నడుచుకుంటూ నా కిందికి వస్తుంది.

అప్పుడు ఆ అమ్మాయి లేచింది.

“సార్, మీరు దిద్దిన పేపరు మా రూమ్మేట్‌ది ఒకటుంది. ఫెయిలైంది. అయినా మీరు అంచున రాసిందంతా కత్తిరించి గోడకి అంటించుకుంది. రోజూ పొద్దున్నే అది చదివాకే పుస్తకం పట్టుకుంటుంది. ఇది మీరు దిద్దారంటే నేను నమ్మను.”

పెన్ను ఆగింది. విచారణాధికారి ఆయన్ని చూసిన చూపులో అనుమానం లేదు, గౌరవం ఉంది. ప్రిన్సిపాల్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నిందపడ్డ మనిషికి కూడా దండలేనా? ఈ రాత్రి మా ఇంట్లో ఏం మాట వినపడుతుందో నాకు తెలుసు. ‘చూశారా, ఎవరి తప్పో నెత్తిన వేసుకున్నారు మా బావగారు.’ ఇక జీవితాంతం అదే పాట. ఆయనకు దక్కని ఆ కుర్చీలో కూర్చుని నేను దాన్ని వింటూ ఉండాలి.

తప్పు నాది, దానికొచ్చే పేరు కూడా ఆయనకేనా?

లేచి నిలబడ్డాను. పశ్చాత్తాపమని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

“ఆయన పేరు రాయకండి మేడం. ఇరవై మూడో పేపరు నుంచి చదవకుండా దిద్దింది నేను.”