మూడో పిస్టను

రేసు కారు కోసం అక్కాతమ్ముళ్లు తమ షెడ్డులో ఒక పాత ఇంజనును పూర్తిగా విప్పి, కొత్తగా కట్టుకుంటున్నారు. బిగించేది అక్క, నడిపేది తమ్ముడు. పిస్టన్ల దాకా ఇద్దరిదీ ఒకే మాట. పెట్రోలు దగ్గరికొచ్చేసరికి పేచీ పడింది.

"ఇంజెక్షన్ పెడదామక్కా. పెట్రోలు ఎంత పొయ్యాలో సెన్సార్లు, కంప్యూటరే చూసుకుంటాయి," అన్నాడు తమ్ముడు.

"అక్కర్లేదు. నాలుగు సిలిండర్లకీ నాలుగు కార్బురేటర్లు. చప్పుడు విని సరిచెయ్యడానికి నేను లేనూ?"

తమ్ముడు ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు. చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేస్తుందని ఆమెను అందరూ డాక్టరమ్మ అనేవారు.

ఆ డాక్టరమ్మకు ఏడాదిగా సన్నని శబ్దాలు అందడం లేదు. ఫోను మోగినా తెలియదు. నోరు విప్పితే కడుపు మీద కొట్టుకున్నట్టేనని గుట్టుగా నెట్టుకొస్తోంది. ఇంజెక్షనే పెడితే తమ్ముడు లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు, తను పానాలు అందిస్తూ నిలబడాలి. అది ఆమెకు మింగుడుపడలేదు.

వేగం కోసం కార్బురేటర్లలో పెట్రోలు తక్కువగా వదిలే సన్నని జెట్లు వేసింది. పెట్రోలు మరీ తగ్గితే సిలిండరు కొలిమిలా కాగి, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడొస్తుంది. ఖాళీ రోడ్డు మీద కారు పరీక్షిస్తుంటే ఆ చప్పుడే వచ్చింది.

"ఏదో గలగలమంటోందక్కా."

పక్క సీట్లో ఉన్న ఆమెకు ఇంజను హోరు తప్ప ఏమీ వినపడలేదు. "వాల్వులురా, మామూలే," అంది.

"ప్లగ్గులు విప్పి చూద్దామా?"

"నా పని నాకు నేర్పుతావా?"

రేసులో ఆఖరి మలుపు దగ్గర ఇంజను పగిలింది. నూనె వెనక చక్రాల కిందకు చిమ్మి, కారు జారి గోడను గుద్దుకుంది. తమ్ముడి కుడికాలు మోకాలి కింద తీసేశారు.

ఇంజనును ఆమె ఒక్కతే విప్పింది. మూడో పిస్టను నడిమధ్య బొటనవేలు దూరేంత చిల్లు, అంచులు మైనంలా కరిగి ఉన్నాయి. చేతులు కూడా కడుక్కోకుండా ఆసుపత్రికి వెళ్లింది.

"ఆ రోజు నువ్వు చెప్పిన చప్పుడు నాకు వినపడలేదురా."

"తెలుసు," అన్నాడు తమ్ముడు, పైకప్పు చూస్తూనే.

"ఎప్పట్నుంచి?"

"షెడ్డులో ఏదో పిల్లి నీ వెనకే అరుస్తున్నా నువ్వు తిరగలేదు చూడు, అప్పట్నుంచి. అందుకే ఇంజెక్షన్ అన్నాను. మొహం మీద చెప్పడానికి నోరు రాలేదు."

"తెలిసీ ఎందుకెక్కావురా?"

"వాల్వులన్నావుగా. నమ్మాలనిపించింది."

ఆమె అతని దుప్పటి సర్దబోయి, కాలు లేనిచోట చెయ్యి ఆగడంతో వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు షెడ్డులో ఇంజన్లు చూసేది తమ్ముడు. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. అక్క టైర్లు, బ్రేకులు మాత్రం చూస్తుంది. ఇద్దరి మధ్యా పని మాటలే. అతను ఏ బండికైనా తాళం తిప్పబోతే, ఆమె చేతిలో పని అక్కడే వదిలేసి వీధిలోకి వెళ్లిపోతుంది.