ఖాళీ చేతుల నడక

"ఎలాగూ నడవడానికే వెళ్తున్నావుగా, వచ్చేటప్పుడు పాల ప్యాకెట్లు పట్టుకొచ్చెయ్," అన్నాడు భర్త పేపర్లోంచి తలెత్తకుండా. మొదటిరోజు ఆమెకూ అది సబబుగానే తోచింది.

అంతకుముందు కొన్నాళ్ళుగా స్నానానికి లేవడం కూడా కొండెక్కినంత పనైపోయి, ఆఫీసులో ఫైళ్ళ ముందు కూర్చుంటే ఊరికే కళ్ళనీళ్ళు కారిపోతుంటే, పక్కసీటు ఆవిడే బలవంతాన కౌన్సెలర్ దగ్గరికి లాక్కెళ్ళింది. "మీకిప్పుడే మందులక్కర్లేదు. వారం వారం వచ్చి మాట్లాడండి. రోజూ పొద్దుటెండలో కాసేపు మీకోసం నడవండి. తగ్గకపోతే డాక్టర్ని కలుద్దాం," అంది కౌన్సెలర్. ఇంట్లో చెబితే అత్తగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "బిళ్ళలు లేని జబ్బు కూడా ఒక జబ్బేనా?"

ఇక నడకకి తోకలు మొలిచాయి. పాలకి కూరలు తోడయ్యాయి. కూరలకి మామగారి ఇస్త్రీ బట్టలు. "వదినా, ఎలాగూ అటేగా" అంటూ ఆడపడుచు తెగిన చెప్పులిచ్చింది. సంచి తాడు వేళ్ళని కోస్తుంటే ఆమె ఇల్లు చేరితే చాలన్నట్టు పరుగుతీసేది. ఎండ తన మీద పడిందో లేదో కూడా తెలిసేది కాదు. నాకిచ్చిన వైద్యం కూడా ఇంటికి పనికొస్తేనే చెల్లుతుందా, అనుకునేది. అదే మందుబిళ్ళయితే, సగం విరిచి తమకూ పెట్టమని ఎవరైనా అడిగేవాళ్ళా?

"నడక ఎలా ఉంది?" అనడిగింది కౌన్సెలర్ ఆ వారం.

"బాగుందండీ. కూరలు తాజాగా దొరుకుతున్నాయి."

ఆవిడ నవ్వలేదు. "మరి మీకేం దొరుకుతోంది?"

ఆమె తన చేతుల వంక చూసుకుంది. వేళ్ళ మీద సంచి తాడు గీతలు ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున సంచిని వంటింటి కొక్కేనికే వదిలేసి చెప్పులేసుకుంది.

"అమ్మాయ్, సంచి మర్చిపోయావు," అత్తగారు కేకేసింది.

"మర్చిపోలేదత్తయ్యా. నా మందు వేసుకోవడానికి వెళ్తున్నాను."

పేపరు కిందికి దిగింది. "మరి పాలు?" అన్నాడు భర్త.

"దుకాణం తెరిచే ఉంటుందండీ," అని తలుపు దగ్గరగా వేసింది.

మోయడానికి ఏమీ లేక ఆమె చేతులు కాసేపు తడబడ్డాయి. కొంగు పట్టుకున్నాయి, వదిలేశాయి. వీధి మలుపు తిరిగి ఎండలోకి వచ్చాక, వాటంతటవే ఊగడం మొదలుపెట్టాయి.