మాట్లాడుకునే హాలు

విద్యార్థులు ఆమెకు పెట్టిన పేరు సైలెన్స్ మేడమ్. యూనివర్సిటీ లైబ్రరీలో ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. అందులో చివరి పదకొండేళ్లూ లైబ్రేరియన్‌గానే. పెద్ద హాల్లో ఎవరైనా గుసగుసలాడితే ఆమె కసురుకునేది కాదు. లేచి వెళ్లి వాళ్ల పక్కన నిలబడేది, అంతే. ఎంతటి వాగుడుకాయకైనా నోరు పడిపోయేది. ఆ పేరును మొదట ఇంటికి మోసుకొచ్చింది ఆమె భర్తే. అదే యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవాడు. "నీ పేరు చెప్పి నా క్లాసులో కూడా అల్లరి ఆపుతున్నాను తెలుసా" అని నవ్వేవాడు.

ఆ భర్త మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున బూట్లు తొడుక్కుంటూ కుర్చీలో పక్కకు ఒరిగిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. వాళ్లకు పిల్లలు లేరు. బంధువులు వచ్చారు, ఏడ్చారు, వెళ్లిపోయారు. ఆమె మాత్రం ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది గానీ రాలేదు. పదిహేను రోజులు సెలవు పెట్టుకోమన్నారు. తొమ్మిది రోజులు ఉండి, పదో రోజు డ్యూటీలో చేరింది.

ఆ మధ్యాహ్నమే వైస్ ఛాన్సలర్ పిలిపించాడు. రెండు నిమిషాలు సంతాపం చెప్పి, గొంతు సవరించుకుని, ఒక ఫైలు ఆమె ముందుకు జరిపాడు.

"మనది నలభై ఏళ్ల కిందటి లైబ్రరీ అమ్మా. ఇప్పటి పిల్లలు నలుగురూ ఒకచోట చేరి, మాట్లాడుకుంటూ, స్క్రీన్ల మీద చూసుకుంటూ చదువుతున్నారు. మనమేమో బల్లలు వరసగా వేసి నోరెత్తొద్దంటున్నాం. డిజైన్ పని ఎలాగూ అప్పగించేశాం, ఇక రెండో అంతస్తు పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ కట్టించాలి. మీకేమైనా అభ్యంతరం ఉంటే..."

"లేదండీ" అందామె.

ఆయన కంగారు పడ్డాడు. కిందటేడు ఇదే మాట ఎత్తినప్పుడు ఆమె నాలుగు పేజీల ఉత్తరం రాసి ఆయన్ని కడిగి పారేసింది. ఈసారి కూడా అలాంటిదే వస్తుందని జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

"ఏమీ లేదా?"

"లేదండీ. ఎప్పటినుంచి ఖాళీ చేయాలో చెప్పండి."

డిజైన్ పని దక్కిన సంస్థలో ఆర్కిటెక్టు ఆమె ఆడపడుచే. భర్తకు ఒక్కగానొక్క చెల్లెలు, తొమ్మిదేళ్లు చిన్నది. ఆ పని జనవరిలోనే ఖాయమైంది. అప్పుడు భర్త పొంగిపోయాడు. "వదినా ఆడపడుచులూ ఇంక ఇంట్లో పోట్లాడుకోనక్కర్లేదు, ఆఫీసు టైములోనే కానివ్వండి" అన్నాడు. వాళ్లిద్దరికీ నిజానికి పడదని కాదు. ఒకరినొకరు ఆటపట్టించుకోకపోతే రోజు గడవదు, అంతే. "నీ లైబ్రరీలో పుస్తకాలకంటే దుమ్ముకే ఎక్కువ వయసు వదినా" అనేది చిన్నది. "నువ్వు కట్టే అద్దాల గదుల్లో పిచ్చుకలు తప్ప ఎవరుంటారు" అనేది పెద్దది.

ఇప్పుడు ఆడపడుచు కొలతల టేపుతో వచ్చి, వదిన మొహం చూసి, అలాంటి మాటలేవీ అనలేదు.

"ఒక పని చేసిపెట్టగలవా వదినా? ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎందుకు అక్కడే కూర్చుంటున్నారో ఒక నెల చూసి రాయాలి. మా వాళ్లు అడిగితే పిల్లలు నిజం చెప్పరు."

ఆమె తల ఊపింది. మర్నాటి నుంచి గంటకోసారి మూడు అంతస్తులూ తిరిగింది. చేతిలో ఒక నోట్‌బుక్కు, ఒక పెన్సిలు. ఇదివరకూ ఆమె తిరిగేది మాటలు ఆపించడానికి. ఇప్పుడు ఆపించాలన్న ఓపిక కూడా లేదు. చూసింది చూసినట్టు రాసుకుంటూ పోయింది.

రెండో అంతస్తులోని పెద్ద హాల్లో రెండు వందల పన్నెండు కుర్చీలు. ఏ గంటలోనూ ముప్పై మందికి మించి లేరు. మెట్ల మలుపులో మాత్రం ఎప్పుడు చూసినా ఎనిమిదిమందో పదిమందో నేలమీద కూర్చుని ఉండేవారు. నేల తుడిచే మెషిన్ కోసం పెట్టిన ప్లగ్ పాయింటు అక్కడే ఉంది. పాత పత్రికల రాకుల వెనక ఇద్దరమ్మాయిలు ఒకరికొకరు పాఠం చెప్పుకుంటూ, ఆమె కనపడగానే పుస్తకాల్లోకి తలలు దించేవారు. అన్నిటికంటే ఎక్కువ మంది అసలు లోపలే లేరు. భవనం వెనక, కిటికీల కింద గట్టు మీద, ఒళ్లో లాప్‌టాప్‌లు పెట్టుకుని గోలగోలగా చదువుతున్నారు. కిటికీలోంచి వైఫై అంతదూరం వస్తుంది.

నెల తర్వాత ఆడపడుచు ఆ నోట్‌బుక్కు తిరగేస్తూ ఒకచోట ఆగింది. 'బయట, కిటికీల కింద: 17 మంది. కారణం: లోపల మేడమ్ మాట్లాడనివ్వరు.'

"వదినా, ఇది నువ్వే రాశావా?"

"అడిగాను. వాళ్లు చెప్పింది రాశాను."

ఆమె మొహంలో నొచ్చుకోవడం లేదు, నవ్వూ లేదు. ఆడపడుచు పేజీ తిప్పేసింది.

వేసవిలో రెండో అంతస్తు ఖాళీ చేయడం మొదలైంది. పదేళ్లుగా ఎవరూ తీసుకోని పుస్తకాల జాబితాను కంప్యూటరు ఇచ్చింది. కొన్ని మిగతా కాలేజీలకు వెళ్లాయి, కొన్ని అట్టపెట్టెల్లో గోడౌనుకు వెళ్లాయి. పాత థీసిస్‌లు మాత్రం పన్నెండు వందల చిల్లర ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి ఫైళ్లుగా దాచాలి, కాగితాలు తీసేయాలి. స్కాన్ చేసే మెషిన్‌కు విడి కాగితాలు కావాలి కాబట్టి ప్రతి పుస్తకానికీ కుట్టు ఉన్న వైపు అంగుళంలో పావు వంతు కోసేయాలి. కోత మెషిన్ దగ్గర ముసలి అటెండరు నిలబడేవాడు. కట్టలోంచి ఒక్కోటీ తీసి వరస నంబరు చదివేవాడు. పిడి కిందికి నొక్కేవాడు. జాబితాలో ఆమె టిక్కు పెట్టేది. రోజుకు నలభై.

పదహారో రోజున అటెండరు పిడి మీద చేయి వేసి ఆగిపోయాడు.

"మేడమ్, ఇది మన సారుది."

నల్ల అట్ట, దాని మీద వెలిసిపోయిన బంగారు రంగు అక్షరాలు. ఆమె చూసింది.

"అవును."

"పక్కన పెడదామా?"

"నంబరెంత?"

"ఆరువందల పద్నాలుగు."

"వరసలోనే ఉంది కదా. కానివ్వండి."

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నా వల్ల కాదు మేడమ్. ఏమీ అనుకోవద్దు."

ఆమె ఏమీ అనుకోలేదు. జాబితా బల్లమీద పెట్టి, వచ్చి, పిడి తనే నొక్కింది. కుట్టు తెగి పక్కన పడింది.

ఆ థీసిస్ టైపు చేయించిన కాలంలో టైపు మెషిన్లకు గణితం గుర్తులు ఉండేవి కావు. టైపిస్టు ఆ చోట్లు ఖాళీగా వదిలేసేవాడు. భర్త చేతిరాత కోడి కెలికినట్టుండేది. అందుకని పెళ్లయిన ఏడాదిలోనే, రెండు నెలలపాటు ప్రతి సాయంత్రం, ఆ గుర్తులన్నీ నల్లసిరాతో ఆమే నింపింది. అర్థం తెలియకుండానే చూసి బొమ్మ దించినట్టు దించింది. ఆయన ఎదురుగా కూర్చుని సిరా ఆరడానికి ఊదుతూ ఉండేవాడు. ఒకసారి గట్టిగా ఊదితే సిరా చుక్క పక్క పేజీకి పాకింది. ఆ పేజీ మళ్లీ టైపు చేయించాల్సి వచ్చింది.

రెండు వందల ముప్పై ఎనిమిది పేజీలు. స్కాన్ మెషిన్ ఆరు నిమిషాల్లో మింగేసింది. తెరమీద తన చేతిరాత గబగబా పరిగెడుతుంటే ఆమె నిలబడి చూసింది. తొంభై ఒకటో పేజీలో ఒక గుర్తు కాస్త వంకరగా ఉందని గమనించింది. తర్వాత ఆరువందల పదిహేను అందుకుంది.

అటెండరు కడుపులో మాట దాగలేదు. మర్నాడు సైటుకు వచ్చిన ఆడపడుచు నేరుగా స్టాఫ్ రూములోకి దూసుకొచ్చింది.

"వదినా, అన్నయ్య పుస్తకం కోశావా?"

"స్కాన్ చేశాం. ఫైలు ఉంది. నీకూ పంపిస్తాను."

"ఫైలు ఎవరిక్కావాలి! ఒక్క పుస్తకం ఇంటికి పట్టుకెళ్తే నిన్నెవరు అడుగుతారు?"

"ఎవరూ అడగరు."

"మరి?"

"నాకు తట్టలేదు."

"తట్టలేదా!" ఆడపడుచు చేతిలోని టేపు బల్లమీద విసిరేసింది. "అన్నయ్య పోయిన రోజు నుంచీ చూస్తున్నాను. మేమంతా గుండెలు బాదుకుంటుంటే నువ్వు వచ్చినవాళ్ల చెప్పులు వరసగా సర్దుతున్నావు. మనిషివా, రాయివా? ముప్పై ఏళ్లు కాపురం చేశావు. ఒక్క చుక్క... ఒక్క కన్నీటి చుక్కైనా రాలేదా నీకు?"

బయట హాల్లో కూలీలు ఇనుప రాకులు విప్పుతున్నారు. ఒక్కో బోల్టూ డబ్బాలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రావట్లేదమ్మా" అంది లైబ్రేరియన్. "నేనేం ఆపుకోవట్లేదు. పొద్దున్నే లేస్తాను, వస్తుందేమో అని కూర్చుంటాను. రాదు. అది కోసేటప్పుడైనా వస్తుందనుకున్నాను. అప్పుడూ రాలేదు."

ఆడపడుచు అక్కడే ఉన్న కుర్చీలో కూలబడి ఏడ్చింది. వదిన లేచి మంచినీళ్లు తెచ్చి ముందు పెట్టింది. ఎలా తట్టి ఓదార్చాలో తెలియక పక్కన నిలబడింది.

సారు థీసిస్ కోసిన కాగితాలను అటెండరు చిత్తులో వేయలేదు. తాడుతో కట్టి తన సొరుగులో దాచాడు. వెళ్లేటప్పుడు ఆడపడుచు అవి తీసుకెళ్లింది.

తర్వాత మూడు వారాలు వాళ్లిద్దరి మధ్యా పని మాటలే. తలుపు ఎటు తెరుచుకోవాలి, కేబుళ్లు ఎక్కడ దింపాలి, అంతే. ఇంటికి ఫోన్లు లేవు. వదినకు అది లోటుగా కూడా అనిపించలేదు. అనిపించడం లేదన్నది మాత్రం తెలుస్తూనే ఉంది, పంటి డాక్టరు సూది వేశాక పెదవి ఉందో లేదో వేలితో తడిమి చూసుకున్నట్టు.

నాలుగో వారంలో వైస్ ఛాన్సలర్ ప్లాన్ చూడటానికి వచ్చాడు. చుట్టూ అద్దాల గదులు, మధ్యలో చక్రాల బల్లలు, గోడల నిండా రాసి తుడుచుకునే బోర్డులు. అన్నీ నచ్చాయి. ఉత్తరం మూల గది దగ్గర మాత్రం వేలు పెట్టాడు.

"ఇదేంటి?"

"నిశ్శబ్దంగా చదువుకునే గదండీ" అంది ఆడపడుచు. "స్క్రీన్లు ఉండవు, మాటలు ఉండవు."

"పాతదే మళ్లీ తెస్తే ఇంక మార్చడం ఎందుకు? తీసేయండి. అక్కడో పెద్ద వీడియో గోడ పెడదాం. వచ్చినవాళ్లకి మొదట కనపడేది అదే అవ్వాలి."

ఆడపడుచు వాదించింది. ఎండ పడే దిక్కు గురించి చెప్పింది, ప్రతిధ్వని గురించి చెప్పింది. ఆయన మొహం చిట్లించుకుంటూ విన్నాడు. చివరికి లైబ్రేరియన్ వైపు తిరిగాడు. "మీరేమంటారు? మీకైతే అభ్యంతరాలేవీ ఉండవు కదా."

ఆమె సంచిలోంచి నోట్‌బుక్కు తీసింది. కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"ఉత్తరం మూల: రోజూ అదే పదకొండు మంది. మాట్లాడరు. అందులో ఒకమ్మాయి ఆసుపత్రిలో డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికొస్తుంది. ఆమె ఉండే ఒక్క గదిలోనే ఆరుగురు ఉంటారట, చదవడానికి చోటు లేదు. ఒకాయనకి ఇద్దరు కవల పిల్లలు, ఏడాది నిండలేదు. ఇంకో అబ్బాయికి చెవిలో మెషిన్ ఉంది, గోల ఎక్కువైతే తలనొప్పి వస్తుంది. మిగతావాళ్ల సంగతి కూడా చదవమంటారా?"

"పదకొండు మంది కోసం ఒక గదా అమ్మా?"

"ముప్పై మంది కోసం రెండు వందల పన్నెండు కుర్చీలు వేసి ఇన్నేళ్లు కూర్చున్నామండీ. అది నా తప్పే. అటువైపు తప్పు చేశామని ఇప్పుడు ఇటువైపు చేయొద్దు."

గొంతు పెంచలేదు. ఆయన కాసేపు ప్లాన్ వైపు చూసి, "సగం చేయండి. సగం గది, సగం గోడ" అని లేచాడు.

వరండాలోకి వచ్చాక ఆడపడుచు ప్లాన్ కాగితాలు చుట్టుకుంటూ, ఎటో చూస్తూ అడిగింది.

"అన్నం తిన్నావా?"

"లేదు."

"పద."

కొత్త అంతస్తు ఏడు నెలలకు తెరిచారు. మొదటి వారం స్క్రీన్లలో సగం వెలగలేదు. అద్దం ఉందని తెలియక ఒకతను ముక్కు పగలగొట్టుకుంటే, లైబ్రేరియనే అద్దాలకు అడ్డంగా పసుపు కాగితం పట్టీలు అతికించింది. ఆడపడుచు ఎంతో ఆలోచించి గీసిన బల్లల అమరికను విద్యార్థులు రెండు రోజుల్లో తలకిందులు చేసి, అన్నీ కిటికీల వైపు లాక్కున్నారు. కిటికీల కింద గట్టు మాత్రం ఖాళీ అయింది. హాల్లో ఎప్పుడు చూసినా రొద. లైబ్రేరియన్ బల్ల ఆ రొద మధ్యలోనే పడింది. ఎవరో ఒకరు కుర్చీ దొర్లించుకుంటూ వచ్చి "మేడమ్, ఇది ఎక్కడ దొరుకుతుంది" అని అడుగుతూనే ఉండేవారు. ఆమె వెతికే దారి చూపించేది. అలా చూపిస్తూ చూపిస్తూ ఒకరోజు సాయంత్రమైందని కూడా తెలియలేదు.

మూడో వారంలో తుది పనులు చూడటానికి ఆడపడుచు వచ్చింది. పొద్దుటి నుంచీ కాంట్రాక్టరుతో అరిచి అరిచి, మధ్యాహ్నం రెండున్నరకు కిటికీ పక్క సోఫాలో చేరగిలబడి, చుట్టూ నలభైమంది మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్యే నిద్రపోయింది. లైబ్రేరియన్ చూసి, వచ్చి, ఆమె ఒళ్లోంచి జారిపోతున్న లాప్‌టాప్ తీసి కింద పెట్టి, పక్కన కూర్చుంది. కాసేపటికి ఆడపడుచు తల ఆమె భుజం మీదికి వాలింది. బరువుగా ఉంది. జుట్టుకు సిమెంటు వాసన. లైబ్రేరియన్ కదలలేదు. ఎవరో పుస్తకం అడగడానికి వస్తే, తర్వాత రమ్మని చేత్తో సైగ చేసింది.

ముప్పావుగంట తర్వాత ఆడపడుచు ఉలిక్కిపడి లేచి, మొహం తుడుచుకుంది.

"అయ్యో, గురక గానీ పెట్టానా వదినా?"

"పెట్టావు. అచ్చం మీ అన్నయ్య లాగే." ఆ మాట సగంలో ఆమె గొంతు కాస్త పట్టేసింది. దగ్గింది. మళ్లీ సర్దుకుంది.

ఆడపడుచు ఆమెవైపే చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు కూర్చో. ఆ మూల గదిలో లైటు ఒకటి మిణుకుమంటోందట, చూసొస్తాను" అని లైబ్రేరియన్ లేచి, బల్లల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్లింది.