మూశానన్న మాట

మా ఇంట్లో కంప్యూటర్లు మూడు. ముందుగదిలో ఉన్నది నాది. ముసలిది, ఆన్ చేస్తే పిండిమర తిప్పినట్టు మోత. మేడ మీద మా ఆయన లాప్‌టాప్ ఉంటుంది. ఆయన కార్లు నడపడం నేర్పుతారు. మూడోది మా అమ్మాయిది. తను కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తుంది.

కంప్యూటర్లు మూడైనా ఇంటి లెక్కల ఫైలు ఒక్కటే. ఎవరు ఎక్కడ తెరిచినా అదే వచ్చేలా అమ్మాయి అన్నిటినీ కలిపింది. ఒకరు తెరిచి ఉంచితే మిగతావాళ్ళు చూడొచ్చు గానీ రాయడానికి లేదు. అందుకే ఒక చీటీ మీద ‘పని అయ్యాక మూయాలి’ అని రాసి నా కంప్యూటర్‌కి అంటించింది.

ఈ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఫైలు తెరిస్తే చాలు, ‘వేరొకరు వాడుతున్నారు’ అని వస్తోంది. ఎవరా వేరొకరు?

ఆ ఉదయం ఆయన బూట్లు తొడుక్కుంటుంటే అడిగాను.

“ఏమండీ, లెక్కల ఫైలు మూశారా?”

“మూశానే! ఎన్నిసార్లు అడుగుతావు?”

“మరి ఎవరో వాడుతున్నారంటోంది.”

“నీ అనుమానమే కూర్చుని వాడుతుంటుంది.”

అమ్మాయి సంచీ సర్దుకుంటూ, “నేనసలు దాని మొహం చూళ్ళేదమ్మా,” అంది.

“అయితే దొంగే! కరెంటు బిల్లు మొదలుకొని నా మోకాళ్ళ మందుల దాకా అన్నీ చూస్తున్నాడు.”

“ఆ మందుల ఖర్చు చూస్తే వాడే జాలిపడి ఏదో ఒకటి వేసి పోతాడులే,” అన్నారు ఆయన. తండ్రీకూతుళ్ళు నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

వెళ్తూ వెళ్తూ అమ్మాయి నా తెర వైపు చూసింది. చూసి, సంచీ కింద పెట్టేసింది.

“అమ్మా, ఏంటివన్నీ? ‘లెక్కలు’, ‘లెక్కలు నకలు’, ‘నకలుకి నకలు’, ‘ఇదే అసలుది’... ఇది పిల్లల్ని పెట్టిందా?”

“రాయనివ్వకపోతే ఏం చెయ్యను? నకలు చేసుకుంటావా అని అదే అడిగింది. ఊఁ అన్నాను.”

“నీళ్ళ బిల్లు ఒకదాన్లో, పైకప్పు మరమ్మతు ఇంకోదాన్లో. దేన్ని నమ్మాలిప్పుడు? వద్దమ్మా, ఇక నీకీ తంటా వద్దు. ఖర్చులు చీటీ రాసి ఫ్రిజ్ మీద పెట్టు, నేను ఎక్కిస్తాను. సాయంత్రం వచ్చి నీ దాన్లోంచి ఆ ఫైలు తీసేస్తా.”

తీసేస్తుందట! నేను మాట్లాడే లోపే గేటు చప్పుడైంది.

నేను చదివింది ఎనిమిదో తరగతి. ఆ లెక్కలు నేర్చుకోవడానికి ఎంత కిందామీదా పడ్డానో నాకే తెలుసు. అదేమీ సరదాకి కాదు. మా బావగారు ఆస్పత్రిలో పడినప్పుడు, బీమా ఎక్కడ కట్టారో, ఎంత కట్టారో మా అక్కకి తెలియలేదు. కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా అడుగుతుంటే దిక్కులు చూసింది. నేను పక్కనే ఉన్నాను. రేపు రోడ్ల మీద నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చునే ఈ మనిషికేమైనా అయితే, ఎవరైనా నన్నడిగినప్పుడు నేను చెప్పగలగాలి. ఫ్రిజ్ మీద చీటీలు పెట్టేదానికి ఏం తెలుస్తుంది?

అంట్లు వదిలేసి మళ్ళీ ఫైలు తెరిచాను. వేరొకరు వాడుతున్నారు. ఆపి తెరిచాను. వేరొకరే. పెరట్లో బట్టలు ఆరేసి వచ్చి చూశాను. వాడికి తిండీ నిద్రా లేవు కాబోలు!

కొట్టుకి ఫోన్ చేస్తే అమ్మాయి, “అమ్మా, మనుషులున్నారు,” అని పెట్టేసింది. ఆయనకి చేశాను.

“బ్రేకు! బ్రేకు తొక్కు తల్లీ!... నిన్ను కాదే. ఏంటి చెప్పు?”

“ప్రమాదమేమైనా...?”

“నువ్వు ఇంకోసారి ఫోన్ చేస్తే అవుతుంది.”

“ఆ ఫైలు నిజంగా మూశారా అని.”

“మూశాను మహాతల్లీ! మూత టప్పుమన్నది కూడా. చాలా?”

ఫోన్ పెట్టేశాను. చెయ్యి దాని మీదే ఉండిపోయింది. మూత ఏమిటి? ఫైలుకి మూతెక్కడిది?

మోకాళ్ళ సంగతి మరిచి మేడెక్కాను. లాప్‌టాప్ మూత ఎత్తగానే లోపల దీపం వెలిగింది. లెక్కల ఫైలు బార్లా తెరిచి ఉంది. ‘పెట్రో’ దాకా రాసి వదిలేసిన చోట గీత మిణుకుమంటోంది. దొంగ లేడు, దోపిడీ లేదు. ఈ మనిషి వారంగా మూస్తున్నది ఈ మూతన్నమాట!

అక్కడికక్కడే ఫైలు మూసేద్దామని నొక్కి ఆగిపోయాను. ‘మార్పులు దాచాలా, వద్దా?’ అంది. ఊఁ అంటే నావి పోతాయేమో. ఊఁహూఁ అంటే ఆయనవి పోతాయి. ఏది నొక్కినా పాపం నాదే అవుతుంది. మూత వేయకుండా, పొంగే పాలగిన్నె మోసినట్టు రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగాను. తీగ వెనకే ఈడ్చుకొచ్చింది. బల్ల మీద పెట్టి, బ్యాటరీ అయిపోతుందేమోనని తీగ తగిలించి, దాని ఎదురుగానే కూర్చున్నాను. అంట్లు అలాగే పడున్నాయి.

సాయంత్రం ఇద్దరూ కలిసే వచ్చారు. లాప్‌టాప్ వైపు వేలు చూపించాను.

అమ్మాయి చూసి, తండ్రి వైపు తిరిగింది. “నాన్నా! ఇదా మీరు మూయడం?”

“మూయమన్నావు, మూశాను. లోపల ఇంకోటి మూయాలని ఎవరు చెప్పారు?”

“అది తెలియదా?”

“రాసింది నువ్వే కదే,” అన్నాను, చీటీ చూపించి. “ఏం మూయాలో రాశావా?”

అమ్మాయి చీటీ చదివి, పెదవి కొరుక్కుని కూర్చుంది. ఆయనవి దాచి, నా నకళ్ళలోంచి ఒక్కో ఖర్చూ ఏరి ఫైల్లో వేసింది. ఏది ఎక్కడ రాశానో అడిగితే చెబుతూ పోయాను. ఒక్కటీ తడబడలేదు. ఆఖరున నకళ్ళన్నీ తుడిచేసింది. నా ప్రాణం విలవిల్లాడింది.

“సరే, లెక్కలు నీ దగ్గరే ఉండనీ. కానీ నకళ్ళు చేయనని మాటివ్వు.”

“అంట్లున్నాయి,” అని లేచాను.

మర్నాడు సాయంత్రం ఆయన మేడ మీద నుంచి కేక వేశారు. “మూశానే!”

మెట్ల కింద నిలబడి అడిగాను. “దేన్ని?”

పైన కుర్చీ ఈడ్చిన మోత. మళ్ళీ మూత తెరుస్తున్నారు.